ఉత్తుత్తి తూటా

మొదటి మూడు శనివారాలూ పైడెర్ మాకు తూటా చూపించనే లేదు.
చాప మీద బోర్లా పడుకోమన్నాడు,
మడమలు నేలకు అతికించమన్నాడు,
తుపాకిని పట్టుకోకు, ఆననివ్వు అన్నాడు.
వారమంతా ఎంగడీన్ కొండమలుపుల్లో
హారన్ మోగిస్తూ పోస్టుబస్సు నడిపే మనిషి,
శనివారం మాటల్ని చిల్లర లెక్కపెట్టినట్టు ఇస్తాడు.

"కళ్ళు మూసుకో. రెండు ఊపిర్లు. ఇప్పుడు తెరువు.
గురి ఎక్కడుంది?"
లక్ష్యానికి ఎడంగా, పసుపెక్కిన లార్చ్ చెట్టు మొదట్లో.
చేత్తో లాగబోయాను.
"చెయ్యి అలిసిపోతుంది. నడుం జరుపు."
వేలెడు జరిగాను.
మూడువందల మీటర్ల అవతలి నల్లచుక్క
తనంతట తనే వచ్చి
వలయం మధ్యలో కూర్చుంది.

గొట్టం మీద ఐదు రాపెన్ల నాణెం పెట్టి
ఖాళీ తుపాకి మీట నొక్కించాడు.
నాణెం పడితే మళ్ళీ మొదటికి.
నూటపద్నాలుగు సార్లు పడిందని సెరైనా లెక్క,
పక్కచాప మీద తన నాణెం సంగతి చెప్పదు.

నా పేరు చెప్పడానికి నాకు చాలాసేపు పడుతుంది.
'బ' దగ్గర పెదాలు గడియ పడతాయి.
రొట్టెల కొట్లో, తరగతిలో, ఫోనులో
ఆ అక్షరం ఇంకా నాలుగు మాటల దూరంలో ఉండగానే
వస్తోందని మెడ నరాలకు తెలిసిపోతుంది.

నాలుగో శనివారం తూటాలొచ్చాయి.
తనే నింపి ఇస్తానన్నాడు, ఎందుకో చెప్పలేదు.
మొదటిది భుజాన్ని గుద్దింది.
లోయ అవతలి గోడ ఆ చప్పుడు తిరిగిచ్చేదాకా కళ్ళు తెరవలేదు నేను.
రెండోది
టిక్.
అది ఉత్తుత్తి తూటా. పేలనే లేదు.
అయినా తుపాకి మూతి నేలకు వంగింది,
పళ్ళు కరుచుకున్నాయి,
రాని దెబ్బకు ఒళ్ళంతా ముందే వంగి దండం పెట్టింది.

పైడెర్ నవ్వలేదు.
"చూశావుగా" అన్నాడు, అంతే.

చూశాను.
ఇన్నేళ్ళుగా నా నోట్లో జరుగుతున్నది అదే.

అంతలో ఎవరివో ఆవులు హద్దు దాటి మైదానంలోకొచ్చాయి.
ఎర్రజెండా ఎత్తారు. అరగంట
గంటల చప్పుడు వింటూ చల్లబడుతున్న గొట్టం పక్కన పడుకున్నాను.
తర్వాత ఊపిరి వదిలి,
మళ్ళీ తీసుకోబోయే లోపలి చిన్న ఖాళీలో
వేలిని మెల్లగా వెనక్కి రానిచ్చాను.
ఎప్పుడు పేలుతుందో నాకు తెలియకూడదట.
మూడుసార్లు నిజంగానే తెలియలేదు.

కాగితం తెచ్చి చూస్తే నడిమధ్య ఒక్కటీ లేదు.
కింద ఎడమవైపు, ఆరో గీత దగ్గర
మూడు చిల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకుని.
పైడెర్ బొటనవేలు పెడితే మూడూ దాని కింద దాక్కున్నాయి.
"చోటు తర్వాత దిద్దుకోవచ్చు."

వెళ్ళేముందు మిగిలిన తూటాలు అప్పజెప్పి సంతకం చెయ్యాలి.
బల్ల దగ్గర ముసలావిడ, చెవులకు మూతలు తియ్యకుండానే,
"పేరు?" అంది.
ప్రతివారం నా బదులు చెప్పే సెరైనా నోరు తెరిచింది.
నేను నడుం కొంచెం జరిపాను.
'బ' దగ్గర ఆగింది.
ఆగనిచ్చాను, తొయ్యలేదు.
బయట ఆవుల గంటలు. ఎవరో తలుపు వేసుకెళ్ళారు.

బిగ్న.

ఎప్పుడొచ్చిందో తెలియదు.
ఆవిడ రాసుకుంది,
ఒక అక్షరం తప్పుతో.
వచ్చే శనివారం దిద్దుకుంటాను.