ముందు ఉప్పునీళ్ళు

కోనాడకి బదిలీ అయిన మూడోవారం.
అలివి వల ఒడ్డెక్కుతోందంటే
సబ్‌సెంటర్‌కి గొళ్ళెం పెట్టి నేనూ వెళ్ళాను.
నెత్తళ్ళూ, కవళ్ళూ, నాలుగైదు కానాగంతలూ.
వాటి మధ్య వణుకుతూ
గాజుముద్దలు.

"ముట్టకు నర్సమ్మా" అంది బర్రి గరగమ్మ.
విరిగిన తెడ్డు చివరతో ఒక్కోటీ తిరగేసింది.
"కడుపులో నాలుగు గాజులున్నాయి సూడు,
ఇది ఉత్తి సక్కిలిగిలి.
ఈ పుట్టగొడుగుది బరువు, వల సింపుతాది, అంతే.
ఇదిగో ఈ నీలం బుడగ,
పెళ్ళిపందిట్లో గుంటలు ఊది వదిలేసినట్టు లేదూ?
దాని సోకు కాదు, కింద దారం సూడు.
అదక్కడుంటే దారం నీ కాళ్ళకాడుంటాది.
సచ్చినా పగ సావదు దానికి."
కాసేపాగి,
"ఇంకోటుంది. నాలుగు పలకలది. నీళ్ళలో నీళ్ళే."
కనబడనిదాన్ని ఎలా గుర్తుపడతారు అన్నాను.
"మనిషి కేకెడితే."

పేరేమిటని అడిగితే చుట్టూ చూసి
"మా అత్త నీటిదురదగొండి అనీది.
రేత్రిపూట అనకు" అంది.

చదువుకున్నదాన్ని కదా,
మందుసీసాలో వేసి డాక్టరుగారికి చూపిద్దామని
నీలం బుడగని వేలికొసతో ఎత్తాను.
దారం మణికట్టు చుట్టూ
రెండుసార్లు తిరిగింది.

పలాసలో మా అమ్మ జీడిపిక్కలు కొట్టేది.
ఆ నూనె పడి కాలిన చేతుల్ని
రాత్రి గాలికి చాపి కూర్చునేది.
ఎలా ఉంటుందే అమ్మా అని
ఒక్కసారీ అడగలేదు నేను.
ఆవేళ తెలిసింది.

ఒకడు ఇసక రుద్దమన్నాడు.
ఒకడు కిరసనాయిలన్నాడు.
ఒక గుంటడు నిక్కరు పట్టుకుని
నవ్వుతూ ముందుకొచ్చాడు.
ఎవరో పుణ్యాత్ముడు మంచినీళ్ళ సీసా మూత తీశాడు.
"ఎవులూ ముట్టకండి! ముందు ఉప్పునీళ్ళు!"
గరగమ్మ సొట్టబొచ్చెతో సముద్రాన్ని తెచ్చి పోసింది.
మళ్ళీ తెచ్చింది. మళ్ళీ పోసింది.
రొంటిలోంచి మత్స్యకార గుర్తింపు కార్డు తీసి
దాని అంచుతో పోగుపోగూ ఎత్తింది, గీకలేదు.
కార్డు మీద ఫోటోలో గరగమ్మ
నాకంటే ఎక్కువ భయపడి ఉంది.

తర్వాతిది నాకు తెలుసు.
టీకొట్టు దగ్గర బకెట్లో
చెయ్యి ఓర్చినంత వేడినీళ్ళు,
చల్లారితే మళ్ళీ వేడివి, అరగంట.
నాడి నేనే పట్టుకున్నాను.
ఊపిరి బరువెక్కితే, పెదాలు వాస్తే
నూట ఎనిమిదికి చెప్పండి అన్నాను.
చెప్పాల్సిన పని పడలేదు.

నొప్పి కాస్త గట్టెక్కాక అడిగాను,
మీకీ వైద్యం ఎవరు నేర్పారని.
గరగమ్మ మాట్లాడలేదు.
వల తాడు చుడుతున్న కొడుకుని పిలిచింది.
ఊరంతా తాళ్ళదాసు అంటుంటే
తాళ్ళు లాగుతాడని కాబోలనుకున్నాను.
లుంగీ ఎగ్గట్టాడు.
మోకాలి నుంచి మడమ దాకా
పేనిన తాడు అచ్చు దిగినట్టు.

"తొమ్మిదేళ్ళోడు అప్పుడు.
ఇసక నానే రుద్దినాను.
ఆడు అమ్మా అమ్మా అని ఏడుస్తుంటే
ఇంకా గట్టిగా రుద్దినాను.
ఇషం గుడులన్నీ నా సేత్తోనే
ఆడి ఒంట్లోకి నూరినాను నర్సమ్మా.
రెండేళ్ళు పోయాక వచ్చినామె సెప్పింది, తప్పని.
ముందు సెప్పడానికి ఎవులున్నారు?"

దాసు లుంగీ దించుకున్నాడు.
"ఏటే అమ్మా, రోజూ ఇదే సోది" అని
తాడు దగ్గరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం రిజిస్టరు తెరిచాను.
వెనక్కి తిప్పితే
ఆ రెండేళ్ళ పేజీలు తెల్లగా ఉన్నాయి,
ఎవరూ జబ్బు పడనట్టు.
కాటు గడిలో పాము, కుక్క, తేలు
ముందే అచ్చేసి ఉన్నాయి.
పక్కన ఖాళీలో నీటిదురదగొండి అని రాశాను,
రాత్రి అవకముందే.
రోగి పేరు నాది.
చికిత్స చేసినవారు: బర్రి గరగమ్మ.

చేపలబుట్ట దించి, తడిచేత్తోనే
వేలిముద్ర వేసి వెళ్ళింది.
ఆరాక చూస్తే
గీతల మధ్య
ఉప్పు తేలింది.