అయిదు మిల్లీమీటర్లు

ఏప్రిల్ ముప్పై, రాత్రి పదకొండు.
రాదోమ్ పరీక్షశాలలో
బోగుమీవా చేతికింద ఆఖరి ఇస్త్రీపెట్టె.
పన్నెండు వందల యాభై వోల్టులు, ఒక్క నిమిషం.
గడియారం చూడదామె,
లోపల్లోపలే అరవై లెక్కపెడుతుంది
ఇరవై రెండేళ్లుగా, పెదవి కదపకుండా.

నిప్పురవ్వ లేవలేదు.
త్రికోణంలో 'బి' ముద్ర ఒత్తింది
పెట్టె మడమ మీద,
పసిపాప అరికాలికి దిష్టిచుక్కలా.

తెల్లారితే దేశం పెద్ద సంతలో కలుస్తుంది.
ఈ ముద్ర ఇక అక్కర్లేదు.
చేసినవాడే అంటాడు, నా సరుకు క్షేమమని.
సంతకం పెడతాడు, రెండక్షరాలు అచ్చేస్తాడు.
పోర్చుగల్ దాకా ఆపి అడిగేవాడుండడు.

"రాసినవాడే దిద్దుకోవడమా?" అంది
ఫ్యాక్టరీవాళ్ల సెవెరిన్‌తో.
నవ్వాడతను.
వాళ్ల నాన్న ఒక్కో సరిహద్దుకూ ఒక్కో ముద్ర కోసం
నెలల తరబడి పడిగాపులు పడ్డాడు.
అదీ తెలుసామెకు. ఊరుకుంది.

జూన్‌లో, స్టేషన్ పక్క కొట్లో
ఓ కెటిల్ బోర్లించి చూసింది.
రెండక్షరాలూ ఉన్నాయి.
సంచీలోంచి స్కేలు తీసింది:
ఎత్తు నాలుగున్నర. అయిదుండాలి.
నడుమ ఎడమూ చాలదు,
బస్సులో కొత్తవాళ్లలా కూర్చోవాల్సినవి
భుజాలు రాసుకుంటున్నాయి.

"అర మిల్లీమీటరుకా, అమ్మా?" అన్నాడు కొట్టతను.
అక్షరం కొలవనివాడు
ఎర్త్ తీగ కొలిచుంటాడా
అనబోయి, డబ్బులిచ్చేసింది.

వంటింటి బల్ల మీద
పాత మెగ్గర్ ముళ్లు రెండూ ఆనించి
పెదవి కదపకుండా
ఒకటి, రెండు, మూడు...

ముప్పై ఏడు దగ్గర
పక్కగదిలోంచి జెనోన్ గొంతు:
"మరి టీ?"