కుర్చీ లాక్కున్న గురువారం

ఇక్కడ కత్తి పట్టేవాణ్ణి డాక్టరనకూడదట,
మిస్టర్ అనాలట.
మిస్టర్ ప్రాసర్
ఒక మంగళవారం పెద్దాసుపత్రిలో నిలబడే చెప్పాడు:
పిత్తాశయంలో రాళ్ళు, ఏడాది పట్టచ్చు, సారీ.
నా కాగితం కింద ఇంకో పదిహేను కాగితాలు.

పది నెలల తర్వాత ఒక గురువారం
కొండ అవతల తివాసీ పరిచిన ఆసుపత్రిలో
అదే మనిషి, అదే కళ్ళజోడు,
కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.
మీ దేశంలో ఇప్పుడు వానలా, అని కూడా అడిగాడు.
స్వాన్సీలో ఉండి వానల గురించి నన్నడగడం!
నవ్వాను. కుడి డొక్కలో పోటు.

ఆ కుర్చీ ఖరీదు ఏడు వేల పౌన్లు.
వరూధిని గారి చీటీ నష్టానికి పాడాను.
అర్ధరాత్రి నేల మీద మెలికలు తిరిగే మనిషికి
వడ్డీ లెక్కలు తలకెక్కవు.

చిన్నప్పుడు అమ్మ చేటలో బియ్యం పోసిచ్చి
పంటికి రాయి తగిలితే నీదే పూచీ అనేది.
ఎన్ని చేటలు ఏరానో.
నేను ఏరలేని ఏడింటిని
ప్లాస్టిక్ డబ్బాలో పోసి చేతికిచ్చారు.
ఆవగింజలంత ఆరు, శనగగింజంత ఒకటి.
సాయంత్రానికే ఇంటికి పొమ్మన్నారు.

తుమ్మంటే ఏమిటో ఆ వారమే తెలిసింది.
దిండు పొట్టకి అదుముకుని తుమ్మాలి.
చిరంజీవ అనడానికి మా ఆయన బస్సు నడుపుతున్నాడు,
నాకు నేనే అనుకున్నాను.
గోడ అవతలినుంచి గ్లెనిస్ బ్లెస్ యూ అని అరిచింది.
పల్చటి గోడలు మావి.

నాలుగో రోజు బొడ్డు దగ్గర కుట్టు ఎర్రబడింది, ఒళ్ళు కాలింది.
ఆదివారం రాత్రి.
తివాసీ ఆసుపత్రికి ఫోను చేస్తే
రికార్డు చేసిన గొంతు, ఎంత మర్యాదో:
దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్ళగలరు.
ఏరు మధ్యలో
తెప్పవాడు తెప్పతో సహా మాయం.

పెద్దాసుపత్రిలో తొమ్మిది గంటలు.
ఇక్కడ కుర్చీ ఎవరూ లాగి వెయ్యరు,
ఎవరైనా లేస్తే మనం చూసుకోవాలి.
ఆ కంప్యూటరుకీ ఈ కంప్యూటరుకీ
అలిగిన వియ్యపురాళ్ళలా మాటల్లేవు.
ఎక్కడ కోశారు, ఏ మందులిచ్చారు,
మధ్యవర్తిని నేనే, జ్వరంతో.

పక్కన డొక్క పట్టుకుని డెనీజ్.
ఎనిమిది నెలలుగా లిస్టులో ఉందట.
అవే రాళ్ళు. ఆ మిస్టరే.
కళ్ళలో పసుపు.
నీదేం ఆపరేషను, అని అడిగింది.
హెర్నియా అన్నాను.
ఎందుకన్నానో, నోరు అలా తిరిగింది.
తన బిస్కెట్లలో ఒకటి నాకిచ్చింది.

తెల్లవారుతుండగా కేరిస్ అనే నర్సు
చీము పిండి, కడిగి, పట్టీ వేసి, మాత్రలిచ్చింది.
డబ్బెక్కడ కట్టాలి, అన్నాను.
ఇంటికెళ్ళి పడుకో కారియాద్, అంది.
వెల్ష్‌లో అది మన బంగారం లాంటి మాటేనట.
బయటికొస్తూ చూశాను,
డెనీజ్ గోడకి తలానించి నిద్రపోతోంది.

ఇప్పుడు మూడో వారం.
మొదట గేటు దాకా, తర్వాత పోస్టు డబ్బా దాకా,
ఇవాళ ఏటవాలు దిగి సముద్రం కనపడేదాకా నడిచాను.
ఎక్కడం మాత్రం గ్లెనిస్ కారులో.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో కవరు.
మీ ఆపరేషనుకి తేదీ ఖాయమైంది,
ముందురోజు అర్ధరాత్రి నుంచి ఏమీ తినకండి.
పెళ్ళికూతురు వెళ్ళిపోయాక ముహూర్తం.

ఫోను చేశాను. నలభై నిమిషాలు పియానో.
అక్కర్లేదండీ, ఆ తేదీ వేరేవాళ్ళకివ్వండి.
కారణం? అంది అవతలి అమ్మాయి.
టకటకలాడే కీబోర్డు ఆగింది, నా జవాబు కోసం.
డెనీజ్ ఇంటిపేరు నాకు తెలీదు.
తెలిసినా అలా ఇవ్వరనీ తెలుసు.
అయినా అడిగాను.