ఇంగొక రాడ్డు

మా నాయిన కిందికి లెక్కబెడతాడు.
నేను పైకి.
ఇద్దరిదీ అడుగుల బతుకే.

కర్నూలు బళ్ళారి చౌరస్తా దాటినాక
టైర్ల షాపు పక్కన రేకుల గది మా ఆఫీసు.
బోరు లారీ తిరిగొచ్చినాక రిజిస్టరు రాయడం నా పని:
ఊరు, రైతు పేరు, కేసింగు ఎంత, మొత్తం ఎన్ని అడుగులు,
చివరి గడిలో నీళ్ళు.
ఆ గడిలో ఎక్కువసార్లు అడ్డగీత గీస్తాను.

అదే బీరువాలో, డీజిల్ బిల్లుల కింద
నా లాగ్‌బుక్కు.
రెండొందల పద్నాలుగు గంటలు.
మూడేండ్లుగా ఆ అంకె కదల్లేదు.

రెండు లారీలుండేవి మాకు.
ఒకటి నా లైసెన్సయింది.
ఇప్పుడది ఆదోని వాళ్ళ పేరుతో తిరుగుతోంది.
రంగు మార్చినా దాని దగ్గు నాకు తెలుసు.
రోడ్డు మీద ఎదురైతే
నాయిన కిటికీ అద్దం ఎక్కిస్తాడు.

ఉద్యోగం వచ్చింది కూడా, ఒకసారి.
పదకొండో బ్యాచి, తేదీతో సహా.
నల్ల బూట్లు కొనుక్కున్నాను.
తేదీకి తొమ్మిది రోజుల ముందు
విమానాలు అద్దెకిచ్చినోళ్ళొచ్చి తోలుకపోయినారు,
బాకీ కింద ఎద్దుల్ని తోలుకపోయినట్టు.

ఆ తర్వాత ఏ కంపెనీకి రాసినా ఒకటే జవాబు:
మీ వివరాలు భద్రంగా ఉంచుకున్నాం.
ఉంటాయి.
ఎవరూ తెరవని పెట్టెలో ఏదైనా భద్రమే.

నాతో నేర్చుకున్న మాబున్నీ
నంద్యాలలో బ్యాంకులో చేరింది.
క్యాషు కట్టేసి సాయంత్రం ఫోను చేస్తుంది:
"ఏం మే, ఇంకా పిలవలేదా?"
వెక్కిరింత కాదది.
తన కోసం కూడా అడుగుతుంది.

ఏడాదికోసారి బెంగుళూరు పోయి
చెవి, కన్ను, గుండె చూపించుకొస్తాను.
ఎగరడానికి యోగ్యురాలు అని రాసిస్తారు.
ఆ ఒక్క ముక్కకు
రెండు బోర్ల మిగులు ఖర్చు.
రాత్రిపూట మంచం మీద కూచుని, కండ్లు మూసుకొని
లేని మీటలు తిప్పుతుంటే
చిన్నమ్మ చూసి భయపడి
ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

ఓర్వకల్లు రాళ్ళ పైనుంచి విమానం దిగే వేళకు
ఆ దారిలో పనుంటే బండి ఆపుతాను.
పని లేకపోయినా.
ఎత్తులో వచ్చినాడు,
పడమటి గాలిని తక్కువ అంచనా వేసినాడు,
ముక్కు ఎత్తడం అర క్షణం ఆలస్యం,
నేనైతే...
ఆ "నేనైతే" దగ్గరే కిక్కు కొట్టి
ఇంటికొస్తాను.

నిన్న రాత్రి కోడుమూరు పక్క, ఉరుకుందప్ప చేను.
టెంకాయ నిలబడిన చోటే దించినారు.
ఆరొందల ఇరవై. తెల్ల పొడి.
ఉరుకుందప్ప తువ్వాలు పరిచి దాని మీద కూచున్నాడు,
"చాలు నాయినా, ఆపు" అన్నాడు.
కంప్రెసర్ మోతలో నాయినకు వినపడిందో లేదో.
"ఇంగొక రాడ్డు," అన్నాడు,
"దీనికి లెక్క రాయొద్దు, సుంకులూ."

ఇరవై అడుగులు దిగింది.
నీళ్ళు పడలేదు.
నాయిన పిడికెడు పొడి తీసి
చెంపకు ఆనించుకున్నాడు.
"చల్లగుండాది," అన్నాడు. అంతే.
ఇంకేం చెప్పకుండా లారీ సర్దుకున్నాడు.

పొద్దున రిజిస్టరు తీస్తే
ఆ గడి దగ్గర పెన్ను ఆగింది.
గీత గీయాలి.
గీయకుండా పేజీ తిప్పినాను.

పది గంటలకు ఒక ప్రకటన.
నలభై ఖాళీలు.
వేలల్లో పడతారు, తెలుసు.
వయసు: ఇరవై ఎనిమిది.
గంటలు: రెండొందల పద్నాలుగు.
ఈ మూడేండ్లూ ఏం చేశారు?
ఫ్యాను కింద చాలాసేపు కూచుని రాసినాను:
అడుగులు లెక్కపెట్టినాను.
చదువుకుంటే నాకే నవ్వొచ్చింది, కొట్టేసినాను.
మళ్ళీ అదే రాసినాను.

పంపేలోగా కరెంటు పోయింది.
మంచం కింద బూట్ల డబ్బా లాగినాను.
దుమ్ము తుడిచి, పాలిష్ పెడుతూ
కరెంటు కోసం కూచున్నాను.