మూడు ముక్కల పేరు

మెస్టియాకు పైన, ఆఖరి ఇళ్ళు దాటాక,
మంచుచరియ కదిలితే అరవాల్సిన సైరన్ ఒకటుంది.
పోయిన ఫిబ్రవరిలో అది నాలుగు నిమిషాలు ఆలస్యంగా అరిచింది.
ముర్జాఖాన్ ఆవులు రెండు
కొట్టంతో సహా వాగులోకి పోయాయి.

తప్పు ఒక్క వరుసలో ఉంది.
దిద్దడానికి ఖాతునాకు పది నిమిషాలు పట్టింది.
దిద్దిన మాటను సైరన్ కింది పెట్టెకు అర్థమయ్యేలా చెప్పడానికి
ఇది తొమ్మిదో రాత్రి.

పెట్టెను చేసిన కంపెనీ లేదు.
దాని ప్రాసెసర్‌ని ఇప్పుడెవరూ చేయడం లేదు.
దాని లినక్స్, మక్వాలా మనవడికన్నా రెండేళ్ళు పెద్దది.

మక్వాలా వంటింట్లో, కట్టెల పొయ్యి పక్కన ల్యాప్‌టాప్.
కంపైలర్ కట్టేముందు మూడు ప్రశ్నలు:
ఎక్కడ పుడతావు?
ఎక్కడ బతుకుతావు?
ఎవరి కోసం మాట్లాడతావు?
మొదటి రెంటికీ జవాబు ఈ బల్లే.
మూడోదానికి జవాబు మూడు ముక్కల పేరు.
ప్రాసెసర్, దాన్ని చేసినవాడు, దాన్ని నడిపే వ్యవస్థ.
మధ్య ముక్క దగ్గర కాస్త ఆగి
'అన్‌నోన్' అని కొడుతుంది.
తండ్రి పేరు గడిలో గీత పెట్టిన దరఖాస్తులా
అదీ చెల్లుతుంది.

ఆపైన, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు.
కంపైలర్ పూర్తవ్వాలంటే లైబ్రరీ ఉండాలి,
లైబ్రరీ పుట్టాలంటే కంపైలర్ ఉండాలి.
అందుకని ముందొక అరకొర కంపైలర్.
కూడికలు వచ్చు, పలకరింపులు రావు.
దానిచేత లైబ్రరీ కట్టించుకుని
దాని మీద అసలుదాన్ని నిలబెట్టి
అరకొరదాన్ని చెరిపేస్తారు.

"పాపం కదూ" అంది మక్వాలా, రొట్టెలో మాంసం కూరుతూ.
ఆమె ఇంట్లో మాట్లాడేది స్వాన్,
రాసేది జార్జియన్. స్వాన్‌కి బడి లేదు.
"కోడలికి ఉప్పు తెమ్మని చీటీ రాసినా
బుర్రలో ఒకటి, చేతిలో ఒకటి."
ఖాతునా తలెత్తి చూసింది.
స్క్రీన్ మీద వరుసలు పారుతూనే ఉన్నాయి.

మొదటి ప్రోగ్రాంని పెట్టె గుర్తే పట్టలేదు.
అంకెల్లో పెద్దది ముందా, చిన్నది ముందా అన్న పేచీ.
తాటాకుల చివర శకవర్షాన్ని మాటల్లో దాచి
వెనకనుంచి చదువుకోమన్న లేఖకుల తీరే
ఇప్పటి యంత్రాలది.
ఈ పెట్టె మాత్రం ముందునుంచే చదువుతుంది.

రెండోది లేచి, అడుగు వేసి, పడిపోయింది.
'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్.'
చట్టవిరుద్ధమైన ఆజ్ఞ.
ఖాతునాకు నవ్వొచ్చింది.
పైనుంచి వచ్చిన ఉత్తర్వుకు ఇంత సూటిగా జవాబిచ్చినవాళ్ళని
ఆమె తన ఆఫీసులో ఒక్కరినీ చూడలేదు.

పెట్టెకు దశాంశాల లెక్క చేసే అవయవం లేదు.
లేని చేత్తో నీళ్ళు తోడమని
ఇన్ని రాత్రులు అడుగుతూ వచ్చిందన్నమాట.
సాఫ్ట్-ఫ్లోట్. ఒక్క మాట చేర్చి
మళ్ళీ మొదటినుంచి. అరకొరది కూడా మళ్ళీ,
దాన్ని చెరిపేసింది కదా.
మధ్య ముక్కలో ఏం రాసినా యంత్రం పట్టించుకోదు.
ఈసారి అక్కడ 'మక్వాలా' అని కొట్టింది.

నాలుగున్నరకి పొయ్యి ఆరింది.
మక్వాలా పిండి చేతులతోనే బల్లకానుకుని నిద్రపోయింది.
పెట్టె ఒక వరుస పలికింది:
మంచు లోతు, నూట ముప్పై ఏడు పాయింట్ నాలుగు.
ఆ పాయింట్ నాలుగు వంక
ఖాతునా చాలాసేపు చూసింది.

పదింటికి సైరన్ పరీక్ష.
కుక్కలు మొరిగాయి. గుర్రమొకటి కంచె తెంచుకుంది.
ముర్జాఖాన్ గడియారం పట్టుకుని రోడ్డు మధ్య నిలబడ్డాడు.
మెచ్చుకోలేదు.
"ఇంకోసారి" అన్నాడు.