రెండో భాగం

మౌంట్ రోడ్డులో ఆఖరాట వదిలేసరికి
ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.
కోడంబాక్కం దాకా నడకే.
ఆరుగురం, ఒక సైకిలు. దానికీ గాలి లేదు.

"మొదటిదే బాగుంది" అన్నాడు పెంచలయ్య,
జెమినీ వంతెన దిగిందాకా అదే మాట.
"అందులో వాడు ఎందుకు చంపుతున్నాడో తెలీదు.
తెలీకపోవడమే గదరా మజా!
ఇందులో వాడికో అమ్మ, అమ్మకో గుడిసె,
గుడిసెకో నిప్పు.
ఈ నిప్పు మన సినిమాల్లో లేదా?
దీనికోసం ఇటలీ వాళ్ళు కావాల్నా?"

పెంచలయ్య ఫైటరు.
పద్నాలుగేళ్ళలో నాలుగొందలసార్లు చచ్చాడు,
మేడమీంచి, గడ్డిబండి మీంచి, ఒకసారి నిజంగానే బావిలోకి.
చావుల విషయంలో
అతని మాటకి మేం ఎదురు చెప్పం.

కోదండపాణి బీడీ వెలిగించుకోడానికి ఆగాడు.
కాస్ట్యూముల గదిలో కాజాలు కుట్టే చేతులు,
చీకట్లో కూడా ఏదో కుడుతూనే ఉంటాయి.
"కోటు మార్చేశారు.
అప్పుడు భుజం మీద చిరుగుండేది, చేతికుట్టు,
వాడే తొందరగా లాగి ముడేసుకున్నట్టు.
ఇప్పుడు ఆ చిరుగుని కూడా మిషన్ మీద కుట్టారు.
డబ్బొచ్చినట్టుంది వాళ్ళకి."

లైట్లు మోసే వరదరాజులు నాయుడికి
రెండు భాగాల్లోనూ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు,
అందుకని రెండూ సమానంగా బాగున్నాయట.
చింతాద్రిపేటలో పుట్టినవాడు,
ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం.
"మాట్లాడేదే తక్కువ కదప్పా వాడు.
మాట్లాడనోడు ఏ భాషలో అయినా మనోడే."

"మాట్లాడినప్పుడు చూశావా?"
ఫిలోమినా చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది.
హీరోయిన్లకి ఏడుపులు ఇస్తుంది,
నవ్వులకి వేరే అమ్మాయి ఉంది.
"పెదాలు ముందు పోతాయి, మాట వెనక వస్తుంది.
అరువు గొంతు.
పోయినసారి ఇచ్చినాయన గొంతులో కాస్త పొగ ఉండేది.
ఈసారి వేరే ఎవరో.
ఆయనకేమైందో మరి."

కాసేపు ఎవరం ఏమీ అనలేదు.
నుంగంబాక్కంలో ఒక కుక్క మాత్రం అంది.

నేను ఆ సినిమా బేనరు రాసినవాణ్ణి.
అంటే మేస్త్రీ మొహం రాశాడు,
మెడ కింద నుంచి నాది,
కోటూ జీనూ గుర్రమూ ఎర్రమట్టీ.
నలభై అడుగుల మనిషిని గుర్రం మీద కాస్త ఎడమకి వాల్చి కూర్చోపెట్టాను.
ఆ వాలు చూసే ఈలలేస్తున్నారు జనం.
ఆ మాట చెబుదామనే నోరు తెరిచాను.

అప్పుడన్నాడు మస్తాన్,
స్టూడియో గుర్రాలకి గుగ్గిళ్ళు పెట్టే మస్తాన్,
ఇంతసేపూ మా వెనక గాలిలేని సైకిలు నడిపించుకొస్తూ:

"గుర్రం అదే.
కుడి ముందుకాలు మోపలేకపోతోంది.
మనిషికి రెండో భాగం కావాలిగానీ
దానికెందుకు?"

వంతెన కింద రైలు పోయింది.
ఎవరి సందులోకి వాళ్ళం విడిపోయాం.

మర్నాడు మ్యాట్నీకి నేలటిక్కెట్టు కొనుక్కుని
ఒక్కణ్ణే వెళ్ళాను.
తుపాకులు పేలినప్పుడు కింద చూశాను,
ముద్దు పెట్టుకున్నప్పుడు పక్కకి చూశాను.
గుర్రాన్నే చూశాను.

ఊళ్ళోకి వచ్చేటప్పుడు, దూరంగా, దుమ్ములో,
కుడికాలు పడేముందు ప్రతిసారీ
వాడు ఎడమకి వాలుతున్నాడు.
బరువు తీసేస్తున్నాడు.
కెమెరాకి కాదు. కథలో అది లేదు.
మొదటి భాగంలో వాడు నిటారుగానే కూర్చున్నాడు.

ఆ వాలునే నేను
పొగరు అనుకుని రాశాను.

సాయంత్రం టీకొట్టు దగ్గర పెంచలయ్య అడిగాడు,
"ఏరా, ఏది బాగుంది?"
రెండోది అన్నాను.
రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.