వాలు

పన్నెండు మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు.
గేటు కాడి నుంచి కారు షెడ్డు దాకా
టేపు ఒక కొస నేను, ఇంకో కొస షఫీకుల్ పట్టుకున్నం.
మందం ఎంత అని అడిగిండు ఖల్ఫాన్ సారు.
బండి ఏందో చెప్పు, మందం నేను చెప్త అన్న.
లాండ్ క్రూజరట. ఇంకోటి కొడుకుది, చిన్నది.
ఆరంగుళాలు సారూ,
నాలుగైతే రెండేండ్లకే పగలబడి నవ్వుతది.

సిమెంటు సంచి చింపి ఎనుక దిక్కు లెక్క రాసిన.
రెడీమిక్సు ఎనిమిది క్యూబిక్కులు, నూట తొంభై రెండు రియాళ్లు.
ఇనుప జాలి ఐదు షీట్లు, యాభై ఐదు.
కంకర, రోలరు కిరాయి కలిపి ముప్ఫై.
పక్క చెక్కలు పద్దెనిమిది.
నలుగురం, రెండు దినాలు, అరవై నాలుగు.
నీళ్ల ట్యాంకరు పన్నెండు.
మొత్తం మూడు వందల డెబ్బై ఒకటి.
కుంజుమోన్ సేటు కాగితం చూసి
ఎండకు నీ పెన్ను ఎండిపోయిందా అని
నాలుగు వందల ఎనభై చేసిండు.
సారు బేరమాడి నాలుగు వందల ఇరవైకి దించిండు.
దిగిన అరవై ఎక్కడ కోస్తరో
అందరికీ ఎరుకే, ఎవ్వరం అనలే.
తెల్లారి నలుగురం ముగ్గురమైనం.
పోశెట్టిని సేటు ఇంకో సైటుకు పంపిండు.

సొహార్ల ఆగస్టు.
పగలు పోస్తే కాంక్రీటు మన మాట వినదు,
పారల ఉండంగనే గడ్డకడ్తది.
రాత్రి రెండున్నరకు లారీ వచ్చింది,
డ్రమ్ముల మంచుగడ్డలు గలగలమన్నయి.
ఆ గల్లీల సల్లగున్నది అదొక్కటే.
షఫీకుల్ పార, అతీఖ్ వైబ్రేటరు, నేను లెవెల్ పట్టీ.
పోశెట్టి పని మా మోకాళ్లు చేసినయి.

వాలు సంగతి ఎవ్వరూ అడగలే.
లెక్కల దానికి గీత లేదు.
సన్న పైపుల నీళ్లు నింపి, రెండు కొసలు చూసి,
ఇంటి దిక్కు ఎత్తు, గేటు దిక్కు పల్లం,
మీటరుకు వేలు మందం.
సారు ఆవలిస్తూ వచ్చి చూసిండు.
ఇక్కడ వాన ఏడాదికి రెండు దినాలు,
దానికింత తంటా ఎందుకన్నడు.
ఆ రెండు దినాల కోసమే సారూ.

పొద్దుగాల చూస్తే పిల్లి నడిచిపోయింది,
షెడ్డు నుంచి గేటు దాకా, తొమ్మిది అడుగులు.
సేటు పద్దెనిమిది రియాళ్లు పట్టుకున్నడు.
అడుగుకు రెండు.
నేనెంత దూరం నడిచినా ఆ రేటు రాలే.

ఏడు దినాలు తడపాలె.
గోనెపట్టాలు కప్పి పూటకు రెండుసార్లు పోసేది.
మా క్యాంపుల నీళ్లు దినం ఇడిసి దినం.
ఇది నా కంటె మంచిగ తాగుతున్నదనిపించేది.
కుళ్లు గాదు, ఉత్తగనే.
మూడో నాడు ఒక మగ్గు నా నెత్తి మీద పోసుకున్న.
అది ఏ లెక్కల రాయలే.
సారు వాళ్ల అవ్వ కిటికీల నుంచి
పట్టాల దిక్కు చెయ్యి చూపేది,
ఇంకా నిద్ర లేవలేదా అని.
లేదమ్మా, లోపల గట్టిపడుతున్నది.
రోజూ అదే అడిగేది, రోజూ నవ్వేది,
నాలుగు ఖర్జూరాలు కాగితంల చుట్టి ఇచ్చేది.

ఫిబ్రవరిల వాన పడ్డది.
వాది పొంగింది, పని బందు.
అందరూ పండుకుంటే నేను సైకిలేసుకొని పోయిన.
ఎందుకని షఫీకుల్ అడిగితే, గొడుగు కొనేదున్నదన్న.

గేటు మూసే ఉన్నది.
సందుల నుంచి చూసిన.
ఇంటి గడప పొడిగున్నది.
నీళ్లు వేలు మందం దారి పట్టుకొని
తొందర లేకుండ దిగుతున్నయి,
పిల్లి అడుగులల్ల మాత్రం
తొమ్మిది చిన్న గుంటలు నిలిచినయి,
ఎవరో గిన్నెలు పెట్టినట్టు.
సేటు వాటిని పూడ్పిస్తనని పైసలు పట్టిండు,
పూడ్పించలే.
పై నుంచి కిటికీ చప్పుడైంది.
నేను తల ఎత్తలే,
గేటు కింద నుంచి నీళ్లు వచ్చి
నా చెప్పులు తడిపేదాక నిలబడ్డ.